టీ బండి దగ్గర తిట్టుకునేది మేనేజర్ దాకా తీసుకెళ్ళడం ఎలా

సాయంత్రం ఏడింటికి గన్నవరం వైపు ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసు బయట టీ బండి దగ్గర నిలబడినా ఇంచుమించు ఒకే మాట వినపడుతుంది: "వాడికేం తెలుసురా, కోడ్ ముట్టుకుని పదేళ్ళయింది." అందరూ తలూపుతారు, గ్లాసు పక్కన పెడతారు, లోపలికెళ్ళి అదే మనిషికి "ష్యూర్ సర్, ఈరోజే అయిపోతుంది" అని మెసేజ్ పెడతారు. నేనూ అదే చేశాను, ఒకటి రెండేళ్ళు కాదు, పదకొండేళ్ళు, ఆరు హైదరాబాదులో, మిగతావి బెజవాడలో. తిట్టుకుంటే మనసు కాస్త తేలికపడుతుంది, కాదనను. కాకపోతే అక్కడ ఖర్చైపోయిన కోపం మర్నాటికి మిగలదు, సమస్య మాత్రం తొమ్మిదింటికల్లా లాగిన్ అయి కూర్చుంటుంది.

మొన్న డిసెంబరులో మా పిన్ని కొడుకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, రేపు పేపర్లు పెట్టేస్తున్నా" అన్నాడు, అంటే రాజీనామా. వాడిది గుంటూరు, కొరిటెపాడులో ఇల్లు, మంగళగిరి వైపు ఆఫీసు, మూడేళ్ళ అనుభవం. వాడికి ఆ రాత్రీ, తర్వాత రెండు మూడు ఆదివారాలూ చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కాస్త పొడిగించి.

ముందు ఆ మంటని విడగొట్టండి

"ఏంట్రా నీ బాధ" అంటే మొదట "అన్నీ దరిద్రమే అన్నా, కల్చరే బాలేదు" అన్నాడు. ఈ కల్చర్ అనే మాటతో ఎవరి దగ్గరికీ వెళ్ళలేం. కల్చర్ బాలేదంటే విన్నవాడు "అవును, బాలేదు" అంటాడు, అక్కడితో అయిపోతుంది. అరగంట తవ్వితే తేలినవి నాలుగు. అమెరికా కాల్ రాత్రి 9.30కి మొదలవుతోంది. రెండు శనివారాలు రిలీజ్‌కి (కొత్త వెర్షన్ విడుదలకి) పనిచేస్తే కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇవ్వలేదు. హైక్ (జీతం పెంపు) ఆరు శాతం ఇచ్చి కారణం చెప్పలేదు. టీఎల్ (టీం లీడర్) స్టాండప్‌లో, అంటే రోజూ జరిగే చిన్న టీం మీటింగ్‌లో, అందరి ముందూ "ఈ చిన్న పనికి మూడు రోజులా" అంటాడు.

ఈ నాలుగూ ఒకే ముద్దగా ఉన్నప్పుడు ఉద్యోగం మానేయడం తప్ప దారి కనపడదు. విడగొట్టాక చూస్తే ఒక్కోటి ఒక్కో మనిషి చేతిలో ఉంది, పైగా మొదటిది ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ కాల్ ఎండాకాలంలో 8.30కే ఉండేది. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మళ్ళీ మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు. వాళ్ళకి కాల్ ఎప్పటిలాగే ఉదయం 11కి, మనకి మాత్రం అమాంతం గంట వెనక్కి జరుగుతుంది. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, క్యాలెండర్ తనంతట తనే జరిపేసింది, ఇక్కడ పదిమంది నోరుమూసుకుని గంట ఆలస్యంగా ఇల్లు చేరుతున్నారు. మీ బాధల్లో కక్షగట్టి చేసినవి ఏవి, ఎవరూ పట్టించుకోక అలా ఉండిపోయినవి ఏవి, వేరు చేసి చూడండి. రెండో రకమే ఎక్కువ ఉంటాయి, తేలిగ్గా తెగేవీ అవే.

కాబట్టి కాగితం మీద ఒక్కోదాని పక్కన రెండు విషయాలు రాయండి: ఇది మార్చగలిగేది ఎవరు, నాకు కావలసింది సరిగ్గా ఏమిటి. రెండోది రాయలేకపోతే ఆ ఫిర్యాదు ఇంకా పండలేదని. "గౌరవం కావాలి" అని రాస్తే ఎవరూ ఇవ్వలేరు. "తప్పుంటే పక్కకి పిలిచి చెప్పాలి" అని రాస్తే ఇవ్వగలరు.

మన ఊళ్ళ సంగతి వేరు

హైదరాబాదులో ఒక మేనేజర్ మీద చెప్పిన మాట ఆ ఫ్లోర్ దాటదు. ఇక్కడ హెచ్ఆర్ అమ్మాయి మీ కాలేజీ సీనియర్‌కి చెల్లెలు అవుతుంది, అడ్మిన్ చూసేది డైరెక్టర్ గారి బావమరిది, ఆఫీసు బిల్డింగ్ అద్దెకిచ్చినాయన మీ నాన్నగారితో రోజూ పొద్దున్నే వాకింగ్ చేస్తాడు. సోమవారం మీరన్న మాట ఆదివారం ఏదో పెళ్ళిలో బంతి భోజనాల దగ్గర మీ ఇంట్లోవాళ్ళకే వినపడుతుంది, అదీ పులుసు ఎక్కువై. అందుకని ఇక్కడ మనిషి గురించి మాట్లాడకండి. "ఆయనకి మేనేజ్ చేయడం రాదు" అన్నది తిరిగి మీ మీదకే వస్తుంది. "13వ తేదీ శనివారం పదిగంటలు పనిచేశాను, కాంప్ ఆఫ్ ఇంకా రాలేదు" అన్నది ఎన్ని చెవులు మారినా అలాగే ఉంటుంది.

ఇంకో సంగతి, ఇక్కడి మేనేజ్‌మెంట్‌కి రెండు ఇష్టమైన వాదనలున్నాయి. ఒకటి "మనమంతా ఒక ఫ్యామిలీ". శనివారం రమ్మన్నప్పుడు ఫ్యామిలీ, హైక్ అడిగినప్పుడు "బిజినెస్ పరిస్థితి అలా ఉంది మరి". రెండోది "హైదరాబాదులో అయితే హాస్టల్‌కి, తిండికి ఎంత పోయేది, ఇక్కడ ఇంట్లో తింటున్నావుగా". దీనికి నేను గట్టిగా జవాబు చెప్పలేక రెండు అప్రైజల్స్ (పని చూసి రేటింగ్, హైక్ తేల్చే సమీక్షలు) పోగొట్టుకున్నాను. మా అమ్మ వండిన పప్పు కంపెనీ ఇచ్చే అలవెన్సు కాదని ఆ తర్వాత ఎప్పుడో స్నానం చేస్తుంటే తట్టింది. మర్యాదగా చెప్పాలంటే ఇలా చెప్పండి: "సర్, నేను ఎక్కడ తింటున్నానో పక్కన పెడదాం, ఈ పనికి మార్కెట్‌లో ఎంత ఇస్తున్నారో, నేను ఈ ఏడాది ఏం చేశానో చూడండి."

నోటుబుక్కు

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ముప్పై రూపాయల చిన్న నోటుబుక్కు కొనుక్కుని ఇంట్లో పెట్టుకోండి, రోజూ పడుకునే ముందు రెండు లైన్లు రాయండి. మా పిన్ని కొడుకు రాసినది ఇలా ఉంది:

"12 శుక్రవారం. సా. 6.40కి టీఎల్ మెసేజ్, రేపు రిలీజ్ సపోర్ట్ కావాలని. 13 శని, ఉ. 10 నుంచి రా. 8.15. 15 సోమ, కాంప్ ఆఫ్ అడిగాను. 'చూద్దాం' అన్నారు."

అంతే. దుర్మార్గం, అన్యాయం లాంటి మాటలు అక్కర్లేదు, మీ మూడ్ ఎలా ఉందో కూడా అక్కర్లేదు. తేదీ, టైము, ఎవరు అడిగారు, మీరేం చేశారు, ఏం జవాబొచ్చింది. నెల తిరిగాక లెక్కపెట్టండి. నేను బెజవాడ ఆఫీసులో మొదటిసారి ఇలా రాసినప్పుడు "ప్రతి వీకెండూ తినేస్తున్నారు" అని నమ్మి మొదలుపెట్టాను, ఐదు వారాల తర్వాత లెక్కేస్తే వీకెండ్లు రెండే, కానీ రాత్రి పదిన్నర దాటిన రోజులు పద్నాలుగు. నా కోపం తప్పు కాదు, దాని అడ్రసు తప్పు. నోరు జారి "ప్రతి వీకెండూ" అని ఉంటే మేనేజర్ టైమ్‌షీట్ తెరిచి అక్కడికక్కడే నన్ను అబద్ధాలకోరుని చేసేవాడు.

ఒక జాగ్రత్త. సాక్ష్యం కోసమని ఆఫీసు మెయిల్స్, క్లయింట్ డాక్యుమెంట్లు మీ సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోకండి. చాలా కంపెనీల్లో సిస్టమ్ దాన్ని పట్టేస్తుంది, అప్పుడు మీ ఫిర్యాదు పక్కకి పోయి మీ మీద విచారణ మొదలవుతుంది. చేతిరాతతో ఆ గొడవ లేదు. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్, ఫారం 16 (జీతంలో పన్ను కోసినట్టు ఇచ్చే పత్రం) మాత్రం మీకు ఇచ్చినవే, అవి నెలనెలా దించి ఇంట్లో దాచుకోండి, చివరి రోజు సాయంత్రం లాగిన్ తీసేశాక హెచ్ఆర్ చుట్టూ తిరగడం కంటే అది నయం.

మాట్లాడేటప్పుడు

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ఓ శుక్రవారం సాయంత్రం ఒళ్ళు మండి డెలివరీ మేనేజర్‌కి పేజీన్నర మెయిల్ రాసి, టీం మొత్తాన్ని సీసీలో పెట్టాను. "ఇక్కడ మనిషికి విలువ లేదు" అనే వాక్యం దాంట్లో రెండుసార్లు ఉంది. టీ బండి దగ్గర రోజూ తలూపే ఎనిమిదిమందీ ఆ సీసీలో ఉన్నారు. ఒక్కడు రిప్లై ఇస్తే ఒట్టు. ఒకడు మాత్రం వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మ పంపాడు. సోమవారం పిలిచి చాలా మర్యాదగా "మీకు యాటిట్యూడ్ ప్రాబ్లం ఉంది" అన్నారు, ఆ ఏడాది రేటింగ్ కూడా అంతే మర్యాదగా ఇచ్చారు. వాళ్ళ తప్పు ఉందా అంటే ఉంది, కానీ ఆ మెయిల్‌లో వాళ్ళు చేయగలిగిన పని ఒక్కటీ నేను అడగలేదు.

రెండోసారి, ఆ పద్నాలుగు రాత్రుల లెక్క చేతికొచ్చాక రాసింది ఇదీ, ఇంగ్లీషులో రాసినా సారం ఇంతే: "గత ఐదు వారాల్లో 14 రోజులు రాత్రి 10.30 దాటాక లాగవుట్ అయ్యాను. కాల్ ఆలస్యంగా మొదలవడం దీనికి కారణం. రెండు దారులున్నాయి. కాల్ గంట ముందుకి జరపడం, లేదా కాల్ ఉన్న రోజు నేను మధ్యాహ్నం ఒంటిగంటకి లాగిన్ అవడం. ఏది కుదురుతుందో గురువారం మాట్లాడుకుందామా?" ఐదు వాక్యాలు, ఒక్కరికే, సీసీ లేదు. మేనేజర్‌కి కూడా పైన ఒకడుంటాడు, వాడికి చూపించుకోడానికి అంకె కావాలి, మనం అది ఇస్తున్నాం. రెండు దారులు ఎందుకంటే, ఒక్కటే అడిగితే "కుదరదు" అనడం సులువు, రెండు పెడితే వాళ్ళు ఏదో ఒకటి ఎంచుకోవలసి వస్తుంది. నాకు రెండోది దొరికింది.

మెయిల్ కంటే ముందు నోటితో మాట్లాడండి, తర్వాత "మనం అనుకున్నట్టు" అని మెయిల్ పెట్టండి. రిలీజ్ వారంలో వద్దు, స్టాండప్‌లో అసలే వద్దు, శుక్రవారం సాయంత్రం ఎందుకు వద్దో పైన చెప్పాను. వారం మధ్యలో పొద్దున పదకొండింటికి, రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్ తాలూకు చిరాకు దిగి, కాఫీ తాగిన తర్వాత మనుషులు కాస్త మెత్తగా ఉంటారు.

అందరి ముందూ అరిచే టీఎల్ విషయంలో అక్కడికక్కడ తిరగబడితే చూసేవాళ్ళకి సినిమా, మీకు నష్టం. గంటో రెండు గంటలో ఆగి పక్కకి పిలవండి. "సర్, తప్పుంటే చెప్పండి, సరిచేసుకుంటాను. అందరి ముందు కాకుండా విడిగా చెప్పండి." చాలామంది ఈ ఒక్క మాటకే తగ్గుతారు, ఎందుకంటే వాళ్ళని ఇదివరకు ఎవరూ అడగలేదు. తగ్గనివాళ్ళూ ఉంటారు, వాళ్ళు నోటుబుక్కులోకి.

హైక్ గురించి మీ మేనేజర్‌తో ఎంత వాదించినా ఉపయోగం తక్కువ, బడ్జెట్ పైనుంచి వస్తుంది, ఎంతమందికి ఏ రేటింగ్ ఇవ్వాలో కూడా తరచు పైవాళ్ళే తేలుస్తారు. ఇచ్చేసిన దాని మీద కంటే, వచ్చే అప్రైజల్‌కి ఏమేం చేస్తే ఏ రేటింగ్ వస్తుందో అడిగి, ఆ జవాబు రాతలో తెచ్చుకోండి.

హెచ్ఆర్ గురించి ఎక్కువ చెప్పను. వాళ్ళు కంపెనీ మనుషులు, జీతం అక్కడినుంచే. రూల్ తప్పిన చోట, అంటే సెలవులు, కాంప్ ఆఫ్, బకాయిలు, వేధింపులు, అక్కడ కదులుతారు, మేనేజర్ మొహం చిట్లించాడంటే కదలరు. ఆడవాళ్ళకి లైంగిక వేధింపు ఎదురైతే మాత్రం హెచ్ఆర్ దయ మీద ఆధారపడక్కర్లేదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. పదిమంది కూడా లేని ఆఫీసైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది.

నలుగురైదుగురికి ఒకే బాధ ఉంటే కలిసి వెళ్ళండి, కానీ దానికి వాట్సాప్ గ్రూపు పెట్టకండి. స్క్రీన్‌షాట్ మీకంటే ముందు క్యాబిన్‌లో ఉంటుంది.

మానేయాలనే అనుకుంటే

చెప్పాల్సిందంతా చెప్పి, రెండు నెలలు చూసి, ఏదీ కదలకపోతే వెతుక్కోండి, దాంట్లో సిగ్గుపడాల్సిందేం లేదు. "ఏ ఉద్యోగంలో లేవమ్మా ఇవి" అని ఇంట్లోవాళ్ళు అంటారు, నిజమే, అన్ని చోట్లా ఉన్నాయి, అయినా అన్ని చోట్లా ఒకేలా లేవు. కానీ చేతిలో ఆఫర్ లేకుండా కోపంలో పేపర్లు పెట్టకండి. నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు) 90 రోజులుంటే అవతలి కంపెనీ ముప్పై రోజుల్లో రమ్మంటుంది, అప్పుడు మిగతా రోజులకి డబ్బు కట్టి బయటపడే వీలు ఉందో లేదో మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉంటుంది. జాయినయిన రోజు చదవకుండా సంతకం పెట్టాం కదా, ఇప్పుడు చదవండి. ఐదేళ్ళు నిండడానికి దగ్గర్లో ఉంటే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) కూడా గుర్తుపెట్టుకోండి, కొన్ని వారాల కోపం కోసం అది వదులుకోవడం దండగ.

బాండ్ (ఇన్నేళ్ళలోపు మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే ఒప్పందం) గురించి మన వాట్సాప్ యూనివర్సిటీలో "బాండ్ చెల్లదు, లైట్ తీస్కో" అని తిరుగుతూ ఉంటుంది. అంత తేలిగ్గా తీసుకోకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదు అనే షరతు సంగతి వేరు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అలాంటిది మామూలుగా నిలబడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

కొన్నిసార్లు వాళ్ళే పిలిచి "నువ్వే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా వస్తుంది, లేకపోతే మేమే తీసేయాల్సి వస్తుంది" అంటారు. ఆ గదిలో చేతులు వణుకుతాయి, నాకు తెలుసు. అయినా అక్కడికక్కడే సంతకం పెట్టకండి, మెయిల్ కూడా పంపకండి. "రెండు రోజులు ఆలోచించుకుంటాను, మీరు చెప్పింది మెయిల్‌లో పంపండి" అని లేచి వచ్చేయండి. నోటితో బెదిరించేవాళ్ళలో చాలామంది అదే రాతలో పెట్టడానికి వెనకాడతారు.

పీఎఫ్ ఇప్పుడే చూసుకోండి, మానేసేటప్పుడు కాదు. చిన్న కంపెనీల్లో జీతంలో కోసి ఖాతాలో వేయనివి ఉన్నాయి. ఒక నెలది తర్వాతి నెల 15లోపు కట్టాలి. యూఏఎన్‌కి (మీ పీఎఫ్ నంబరుకి) లింకైన మీ మొబైల్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చివరిసారి ఎంత జమ అయిందో మెసేజ్ వస్తుంది. ఇక చివరి జీతం సంగతి: 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మీరు మానేసినా వాళ్ళు తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "ఫుల్ అండ్ ఫైనల్‌కి 45 రోజులు పడుతుంది, మా పాలసీ" అంటే ఈ విషయం మెయిల్‌లో మెల్లగా గుర్తుచేయండి. పాత కంపెనీ పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. వాళ్ళని బతిమాలక్కర్లేదు.

నిద్ర పట్టకపోవడం, ఆదివారం సాయంత్రమే గుండె దడ మొదలవడం, ఇంట్లోవాళ్ళ మీద ఊరికే విసుక్కోవడం ఇలాంటివి మొదలైతే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మా వాడు పేపర్లు పెట్టలేదు. కాల్ సంగతి అంకెలతో అడిగితే, టీఎల్ దాన్ని అమెరికా లీడ్‌కి పంపాడు, ఆయన "అక్కడ 9.30 అవుతోందా, నాకు తెలీదే" అని అదే వారంలో గంట ముందుకి జరిపాడట. ఇప్పుడు పదింటికల్లా కాజ టోల్‌గేటు దాటేస్తున్నాడు. రెండు కాంప్ ఆఫ్‌ల్లో ఒకటి వచ్చింది. "మూడు రోజులా" అనడం తగ్గింది కానీ పోలేదు. రెజ్యూమె కూడా అప్‌డేట్ చేసి పెట్టుకున్నాడు, అది నేనే చెప్పాను. హైక్ గురించి అడిగితే మేనేజర్ "మార్చిలో చూద్దాం" అన్నారట. ఆ "చూద్దాం"ని కూడా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకున్నాడు.